వాచికానికి నాలుగు మార్కులు

మానుకోట పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన రఘునాథ్‌కు ఒక్క విషయంలోనే పూర్తి నమ్మకం ఉండేది. నటన అంటే ఏమిటో తనకు తెలిసినంతగా ఈ దేశంలో అవార్డులు ఇచ్చేవాళ్ళెవరికీ తెలియదని. మిగతా విషయాల్లో మెత్తని మనిషి. కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తిని లేచేవాడు. రేడియోలో ఢిల్లీ అవార్డుల వార్త వచ్చిన రోజు మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఈ జబ్బు జనగామలో అంటుకుంది. ఆయన సొంతూరు దంతాలపల్లి. ఇంట్లో భూములూ, ఆ భూములకు తగ్గ రాజకీయాలూ ఉండేవి. జనగామలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నప్పుడు అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. తోటివాళ్ళు ఊరేగింపుల్లో తిరిగారు. రఘునాథ్ కూడా తిరిగాడు, ఊరేగింపు సినిమా హాలు దగ్గరికి వచ్చేదాకా. అక్కడ చల్లగా పక్కకు తప్పుకునేవాడు. ఒకరోజు హాలు ముందే లాఠీచార్జి జరిగింది. టికెట్ల కిటికీ కింద నక్కి కూర్చున్న రఘునాథ్ పిక్క మీద ఒక దెబ్బ పడింది. కుంటుకుంటూ ఇంటికి వస్తే అమ్మమ్మ పసుపూ నూనే కలిపి రాసి, మా పిలగాడు పోరాటంలో దెబ్బ తిన్నాడని వాడకట్టంతా చెప్పుకొచ్చింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. "నేను చేసిన మొదటి యాక్టింగ్ గదే. మాటల్లేని పాత్ర" అని తర్వాత తనే చెప్పుకుని నవ్వేవాడు.

మొదటి ఉద్యోగం భూపాలపల్లి వైపు అడవి ఊళ్ళలో పడింది. అక్కడికి వచ్చే టూరింగ్ టాకీసు వాన మొదలు కాగానే డేరా ఎత్తేసేది. ఆ నాలుగు నెలలూ ఆయన పాత సినిమాలను తలుచుకుంటూ, ఒక్కో నటుడికీ మనసులోనే మార్కులు వేస్తూ కాలం గడిపాడు. పెళ్ళయ్యాక, భార్య సరోజనకు పుట్టింటి మీద బెంగగా ఉందని అర్జీ రాసి మానుకోటకు బదిలీ చేయించుకున్నాడు. ఆమె పుట్టిల్లు భూపాలపల్లికే దగ్గరన్న సంగతి పైవాళ్ళెవరూ చూసుకోలేదు.

మానుకోటలో సినిమా హాలుంది, రైలుంది, రైలెక్కితే వరంగల్ ఉంది. ఇంకేం కావాలి? సాయంత్రం స్టేషను దగ్గరి హోటల్లో ఆయన కొలువు తీరేది. ఎదురుగా ఎప్పుడూ ఉండే శ్రోత బడి హెడ్మాస్టరు హన్మంత్ సార్.

"అవార్డుకు మూడే తొవ్వలు సార్" అనేవాడు రఘునాథ్, చాయ్ సాసర్లో పోసుకుంటూ. "గుడ్డోని పాత్రన్న ఎయ్యాలె, తాగుబోతు పాత్రన్న ఎయ్యాలె, లేకుంటె ఆఖరి రీలుల దగ్గుకుంట సావాలె. మంచిగున్న మనిషి పాత్ర ఏసినోనికి ఎవడన్న ఇచ్చిండా? ఏ రోగం లేనట్టు నటించుడు ఎంత కష్టం."

"నిజమే. పని చేస్తున్నట్టు నటించుడు గూడ కష్టమే. రోజు ఆఫీసుల నిన్ను చూస్తలేమా" అనేవాడు హన్మంత్ సార్.

రఘునాథ్‌కు అది తగిలేది కాదు. "హిందీ హీరో జుట్టుతోని నటిస్తడు. మనోడు చేతులతోని నటిస్తడు. బెంగాలాయన అసలు నటించనే నటించడు. గందుకే బంగారు పతకం ఆయనకు పోతది" అని సాగిపోయేవాడు. ఒకసారి పతకం వచ్చిన బెంగాలీ బొమ్మ వరంగల్‌లో వేస్తున్నారని తెలిసి ప్యాసింజరు రైల్లో వెళ్ళాడు. రెండో రీలుకే నిద్ర పట్టింది. చివర్లో చప్పట్లకు మెలకువ వచ్చి అందరికంటే గట్టిగా తనే చప్పట్లు కొట్టాడు. మరునాడు హోటల్లో కథ చెప్పమంటే, "మౌనం సార్. అండ్ల మౌనమే హీరో" అన్నాడు.

మద్రాసు సినిమా పత్రికకు ముప్పై ఏడు ఉత్తరాలు రాస్తే ఒకటి అచ్చయింది. అదీ సగమే. పేరు రంగనాథ్ అనీ, ఊరు మామిడికోట అనీ పడింది. దాన్ని పటం కట్టించి ఆఫీసులో తన కుర్చీ వెనక గోడకు తగిలించుకున్నాడు.

ఇన్ని అభిప్రాయాల మధ్య, అభిప్రాయమని తనకే తెలియని అభిప్రాయం ఒకటి ఆయనలో ఉండేది. సినిమాల్లో మంచివాళ్ళూ చదువుకున్నవాళ్ళూ కోస్తా మాట మాట్లాడతారు. మన మాట మాట్లాడేది రౌడీ, లేదంటే కూరగాయల సంచి మోసే పనివాడు. అందుకే పెద్ద ఆఫీసరు ముందు నటన గురించి చెప్పాల్సి వస్తే రఘునాథ్ గొంతు సవరించుకుని "వచ్చారండీ, వెళ్ళారండీ" అని మొదలుపెట్టేవాడు. ఇంట్లో సరోజన ఆ గొంతు వింటే పక్కగదిలోకి వెళ్ళి నవ్వుకునేది.

ఎనభై రెండులో సమితి తరఫున నాటికల పోటీలు పెట్టారు. ఆదివారం పగటిపూట, బడి మైదానంలో శామియానా కింద. విజయవాడ నుంచి రావాల్సిన న్యాయనిర్ణేత రాలేదు, రైలు తప్పిందట. సమితి బీడీఓ తల పట్టుకుని అటూ ఇటూ చూశాడు. రఘునాథ్ కనిపించాడు.

"పేపర్ల పేరొచ్చింది నీదొక్కనిదే గదా రఘునాథ్. పోయి కూసో" అన్నాడు.

ఆయన పోయి మరో న్యాయనిర్ణేత హన్మంత్ సార్ పక్కన ముందువరసలో కూర్చున్నాడు. చేతికి మార్కుల కాగితం ఇచ్చారు. వాచికం, ఆంగికం, సహజత్వం అని మూడు గడులు, ఒక్కోదానికి యాభై మార్కులు. పదేళ్ళుగా మనసులో వేస్తున్న మార్కులు కాగితం మీద వేసే రోజు వచ్చిందని ఒళ్ళు పులకరించింది.

మూడు నాటికలు ఊళ్ళోని ఉద్యోగులవి. ఒకదాంట్లో కథానాయకుడు అచ్చమైన కోస్తా మాటలో పావుగంట సేపు దగ్గి దగ్గి చచ్చిపోయాడు. తను ఎవరిని రోజూ వెక్కిరిస్తాడో ఆ పాత్రే అది. అయినా రఘునాథ్ కళ్ళు చెమ్మగిల్లాయి. వాచికానికి నలభై ఎనిమిది వేశాడు.

చివరిది హర్యా తండా వాళ్ళది. ఇద్దరే మనుషులు. మంచినీళ్ల బావి కోసం అర్జీ పట్టుకుని ఆఫీసుకు వచ్చే ముసలివాడుగా దస్రు, ఆఫీసులో గుమాస్తాగా జాల్యా. జాల్యా మామూలు రోజుల్లో బయ్యారం గుట్టల్లో ఇనుపరాయి తవ్వే కూలికి పోయేవాడు. అప్పు తెచ్చుకున్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు. రబ్బరు ముద్రను నోటితో ఉఫ్ అని ఊది పక్కన పెట్టాడు. అర్జీ అందుకుని, దాన్ని చూడకుండా, ముసలివాడి నెత్తి మీదుగా గోడ గడియారం చూసి ఏదో కూనిరాగం అందుకున్నాడు.

"ఎల్లుండి రా పో. పెద్ద సారు క్యాంపుల ఉన్నడు" అన్నాడు.

"మొన్న గూడ గట్లనే అంటివి సారూ."

"మొన్న చెప్పిన ఎల్లుండి వేరు. గిది వేరు."

జనం విరగబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ముందువరసలోని న్యాయనిర్ణేతల బల్ల వైపు మెడలు చాచి చూశారు. తన తీర్పు కోసమే చూస్తున్నారనుకున్నాడు రఘునాథ్. గంభీరంగా ఆలోచిస్తున్నట్టు పెన్ను తీసి చెవి మీద పెట్టుకున్నాడు. శామియానా ఎగిరిపోయేంత నవ్వు లేచింది. పక్కన హన్మంత్ సార్ నోట్లో చేతిరుమాలు కుక్కుకున్నాడు.

రఘునాథ్ పెన్ను దించి రాశాడు. "వాచికం: నాలుగు. భాష శుద్ధంగా లేదు. సహజత్వం: ఆరు. ఇటువంటి గుమాస్తా లోకంలో ఎక్కడా ఉండడు. అతి నటన." తర్వాత పెన్ను మళ్ళీ చెవి మీదికి వెళ్ళింది. బహుమతి దగ్గి చచ్చినవాడికి పోయింది. జాల్యా, దస్రు చొక్కాలు మార్చుకుని నడుచుకుంటూ తండాకు వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చేసరికి, నాటికలు చూసి ముందే వచ్చేసిన సరోజన తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఆ గుమాస్తా ఎవరనుకున్నరు?" అని అడిగింది.

"ఎవరేంది, వట్టి కల్పితం. గసుంటోడు యాడుంటడు?"

"జర మీ చెవు ముట్టుకోండ్రి."

ముట్టుకున్నాడు. పెన్ను అక్కడే ఉంది.

ముందు కోపం వచ్చింది. ప్రభుత్వోద్యోగిని అవమానించినందుకు కేసు పెట్టొచ్చా అని కూడా ఆలోచించాడు. పెడితే ఆ గుమాస్తా నేనేనని కోర్టులో తనే ఒప్పుకోవాలి. మార్కుల కాగితం మీద అటువంటివాడు లేడని రాసి సంతకం కూడా పెట్టాడాయె.

సోమవారం ఆఫీసులో బల్ల మీది కాగితాలన్నీ తీసి వెతికాడు. అడుగున, ఒక సినిమా పత్రిక కింద, హర్యా తండా బావి అర్జీ దొరికింది. దాని మీద చాయ్ గ్లాసు అడుగు మరకలు గుండ్రంగా ఏడెనిమిది ఉన్నాయి. ఆయన చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాడు. బయట నిలబడ్డ అర్జీదారుకు ఎల్లుండి రమ్మని చెప్పబోయి, నాలుక కరుచుకుని, లోపలికి పిలిచాడు.

మరునాడు సెలవు పెట్టి సైకిలు మీద తండాకు వెళ్ళాడు. ఆయన్ని చూడగానే జాల్యా ముఖం పాలిపోయింది. అతని భార్య తుల్సీబాయి గుడిసెలోంచి వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"తప్పయింది సారూ. పండుగ లెక్క అందరు నవ్వుతరని చేసినం" అన్నాడు జాల్యా.

"తప్పు సంగతి ఇడువు. ఎట్ల నేర్చినవ్, గది చెప్పు."

"నేర్చుడు ఏముంది సారూ. ఏడుసార్లు వస్తిని. నువ్వు కూసోమన్న కాడ కూసుంటి. నిన్ను చూసుడు తప్ప నాకక్కడ పనేముంది?"

రఘునాథ్‌కు తను ఎవరి నటనా అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదనిపించింది. మంచం మీద కూర్చుని, మళ్ళీ ఒకసారి చేసి చూపించమన్నాడు. జాల్యా భయపడుతూనే మొదలుపెట్టాడు. గడియారం వైపు చూపు రాగానే భయం పోయింది. ఆ కళ్ళలో ఎదుటి మనిషి లేడు. ఉఫ్ అని ముద్ర ఊదడంలో ఎంత గొప్పతనం! తండా అంతా గుమిగూడి నవ్వుతుంటే రఘునాథ్ కూడా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తడి మొత్తం నవ్వుది కాదు.

"నేను పెన్ను ఎడమ చెవు మీద పెడ్త, నువ్వు కుడి చెవు మీద పెట్టినవ్" అని ఒక్క తప్పు పట్టాడు. ఎంతైనా విమర్శకుడు.

తుల్సీబాయి వాళ్ళ భాషలో ఏదో అంది. అందరూ గొల్లుమన్నారు.

"నిన్ను ఒకసారి చేసి చూపమంటున్నది సారూ" అన్నాడు జాల్యా.

రఘునాథ్ లేచాడు. కుర్చీ లేదు, మంచం అంచునే కూర్చున్నాడు. పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు. దస్రు ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎల్లుండి రా పో" అనాలి. గొంతు సవరించుకునేసరికి పాడు అలవాటు ముందుకొచ్చి "ఎల్లుండి రండీ" అని వచ్చింది. ఒక్కరూ నవ్వలేదు. తుల్సీబాయి తల అడ్డంగా ఊపి ఒక్క మాట అంది.

"ఏమంటున్నది?"

జాల్యా నసిగాడు. "నువ్వు నీ లెక్క లేవంటున్నది సారూ."

ఆ అర్జీ మరునాడే రఘునాథ్ బల్ల మీద నుంచి కదిలింది. మిగతా బల్లల మీద పదిహేను నెలలు తిరిగింది. ఆయన ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి అడిగాడు. కొందరు ఆయనకే ఎల్లుండి రమ్మని చెప్పారు. చివరికి బావి తవ్వారు, ముప్పై అడుగులకు నీళ్ళు పడ్డాయి. ఆ రోజు రమ్మని జాల్యా స్వయంగా వచ్చి పిలిచాడు. రఘునాథ్ సైకిలు తుడిచి బయలుదేరాడు కూడా. దారిలో హాలు దగ్గర కొత్త బొమ్మ పగటి ఆట. ఒక్క రీలు చూసి పోదామని లోపలికి వెళ్ళాడు.

తండాకు చేరేసరికి పొద్దు వాలుతోంది. కొబ్బరికాయలు కొట్టడం అయిపోయింది, జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు. బావి గట్టు మీద తుల్సీబాయి ఒక్కతే నీళ్ళు తోడుకుంటోంది. ఎందుకు ఆలస్యమైందని ఆమె అడగలేదు. ఆయన మాత్రం, పెద్ద సారు క్యాంపులో ఉండి ఆలస్యమైందని చెప్పాడు.