తీగలు పాకిన బోర్డు

ఒక్క బోర్డుతో నలుగురు ఆడవాళ్ల ఆరు వారాల కష్టాన్ని గోదాట్లో కలపబోయిన ఘనుణ్ణి నేను. నవ్వదలచుకున్నవారు నిస్సంకోచంగా నవ్వండి, నేనేమీ అనుకోను.

మాది నరసాపురం. మా మేనత్త రత్నకుమారి, మార్తమ్మగారు, మరో ఇద్దరు లేసు అల్లుతారు. ఏళ్ల తరబడి దళారికే ఇచ్చి విసిగిపోయి, 'తొలకరి మహిళా సంఘం' అని పేరు పెట్టుకుని, రాజమండ్రిలో ఒక ప్రదర్శనలో సొంతంగా స్టాలు తీసుకున్నారు. నేను అప్పుడే డిజైన్ కోర్సు పూర్తిచేసి కాలరెగరేసుకుని తిరుగుతున్నాను.

"ఒరేయ్ ప్రభూ, మా పేరు దూరంనుంచి కనబడాలి, అంతే. ఇక్కడ అమ్ముకోలేకపోతే మళ్లీ ఆ దళారి గుమ్మమే గతి" అంది అత్త.

అంతేనా? కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డిజైనరు పొద్దే కాదు, ఏమీ ఎరగడు. పాతకాలపు శుభలేఖల అక్షరాలు తీసుకుని, ఒక్కొక్కటీ లేసుతో అల్లినట్టుండే ఫాంటు తయారుచేశాను. తలకట్టుకో పువ్వు, కొమ్ముకో తీగ. లేత గోధుమరంగు గుడ్డ మీద మీగడ రంగు అక్షరాలు. నా కళ్లకు నీళ్లొచ్చాయి.

బోర్డు విప్పితే నలుగురూ చాలాసేపు చూశారు.

"బాగుందిరా. పేరేది?" అంది అత్త.

"అదే పేరు అత్తా!"

"ఏది?"

"మొత్తం!"

మార్తమ్మగారు కళ్లజోడు సవరించుకుని ఒక అక్షరం మీద వేలు పెట్టారు. "ఈ గొలుసు ఎక్కడ మొదలెట్టావు బాబూ? ఇక్కడ ముడే లేదు. లాగితే మొత్తం ఊడిపోద్ది."

"అది అక్షరమండీ, ఊడదు."

"ఎందుకూడదు? నలభై ఏళ్లు అల్లినదాన్ని, నాకు తెలీదా?"

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడు. నేను జనం కళ్లు ఓడన్నాను. ఆ బోర్డే కట్టాను.

"ఇది దోమతెరాండి?" అని ఒకాయన. "పేరు లేని కొట్టేంటండీ?" అని ఇంకొకావిడ. ఒక కుర్రాడు ఫొటో తీసి, ఫోను తలకిందులుగా తిప్పి చూసి వెళ్లిపోయాడు. రెండు రోజులకు అమ్ముడైనవి నాలుగు చేతిరుమాళ్లు. అత్త నాతో మాట్లాడటం మానేసింది.

మూడోరోజు ఒక టీచరుగారు ఆగారు. "ఏవండీ, పైన వేలాడదీశారే, ఆ డిజైనులో టేబుల్ క్లాత్‌లు ఆరు కావాలి. మా అమ్మాయి పెళ్లికి."

"అండీ, అది మా బో..."

అత్త నా కాలు తొక్కింది. "తప్పకుండా అల్లిస్తామండి!"

ఆవిడ వెళ్లాక మొత్తుకున్నాను. "అత్తా, అది మన పేరు!"

"ఎవరికి తెలుసురా? నీకొక్కడికేగా!"

నిజమే. బోర్డు విప్పి నమూనాకని మార్తమ్మగారి చేతిలో పెట్టాను.

ఆరు వారాలు అల్లారు. మార్తమ్మగారు తెగిన గొలుసులన్నీ కలిపారు. "ఈ తీగ దండగ, ఈ పువ్వు నిలవదు" అంటూ నా కళాఖండాన్ని ఎడాపెడా పీకేశారు. అల్లేవాళ్లు కుట్లే చూశారు. నేను అలిగి అసలు చూడలేదు.

అత్త, మార్తమ్మగారు, నేను రాజమండ్రిలో ఆవిడ ఇంటికి తీసుకెళ్లి పరిచాం. టీచరుగారు మురిసిపోతూ వంగారు. తర్వాత కనుబొమలు ముడిచారు.

"తొ...ల...కరి... మహిళా... సంఘం. ఇదేంటండీ? మా వియ్యాలవారు మీ సంఘం బోర్డు మీద భోంచెయ్యాలా?"

నేను గుమ్మం ఎటుందో చూసుకున్నాను. అత్తకు మాత్రం ముఖం వెలిగిపోయింది.

"చదివారు! మార్తమ్మా, ఈవిడ చదివారు!"

టీచరుగారు అయోమయంగా మా ముఖాలు చూశారు. మార్తమ్మగారు తీగలు పీకేసరికి అక్షరాలు బయటపడ్డాయని, జరిగినదంతా చెప్పుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వీ నవ్వీ, "సరే, పెళ్లికి ఇంకా రెండు నెలలుంది. మార్తమ్మగారికి నచ్చిన పువ్వులతో ఆరు అల్లండి. ఈ అబ్బాయిని మాత్రం దగ్గరికి రానివ్వకండి" అన్నారు.

ఆ ఆరు గుడ్డలూ మా దగ్గరే ఉండిపోయాయి. అలా ఊళ్లో ఎవరికీ లేనివిధంగా మా సంఘానికి ఆరు బోర్డులున్నాయి. ఆరూ రోడ్డు అవతలినుంచి కూడా చదువుకోవచ్చు. ఈ జన్మలో మళ్లీ ఏ అక్షరానికీ పువ్వులు పూయించనని, తీగలు పాకించనని అత్త, మార్తమ్మగారు, టీచరుగారు ముగ్గురి ముందూ లెంపలేసుకుని ప్రమాణం చేశాను. వినలేదనకండి, మీరూ సాక్షులే.