మరునాటి మార్కులు

తోటపల్లి గూడూరు నుంచి నెల్లూరు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఒళ్ళో, మూతికి గుడ్డ కట్టిన మట్టి దాక ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకునేది. ఏమిటని అడిగాను.

"చేపల పులుసన్నా. మా పాప పదో తరగతి. బడిలో చదువుతో పాటు హోటల్ కోర్సు తీసుకునింది. నిన్న ప్రాక్టికల్ పరీక్షలో వండిందిది. మార్కులేసే సారు రుచి చూడబోతే ఆపేసిందంట."

"ఎందుకు?"

"ఈరోజు తినబాకండి సార్, రేపటికి గానీ ముక్కకి పులుపు పట్టదు అనిందంట." ఆవిడ గుడ్డ ముడి సరిచేసింది. "చేపలు పట్టేవాళ్ళ బిడ్డ. తెలిసి తెలిసి పులుపు పట్టని పులుసు ఎట్టా పెడతాది?"

"మరి మార్కులు?"

"ఈరోజు తిన్నాక వేస్తానన్నాడంట. రాత్రికి ఇంటికి తెచ్చుకునింది. ముక్క చెదరకుండా బడికి నేను తీసకపోతుండా."

ఎదురుగా గుంత కనిపించింది. ఆవిడతో పాటు నేనూ దాక కింద చెయ్యి పెట్టాను.

ఆ పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం చేపల పులుసు వండిన రోజు ఇప్పటికీ పప్పన్నమే తింటాం.