కొసరుగా వచ్చిన కుప్పింటాకు

వన్‌టౌన్‌లో మా నాన్న బట్టల కొట్లో పెరిగినదాన్ని. మీటరు గుడ్డకు జానెడు, కిలో వంకాయలకు నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు అడగకుండా ఇల్లు చేరినవాళ్లు మా వంశంలో లేరు. కాలేజీ ల్యాబులో పరిశోధనకు చేరాక కూడా నాకా జబ్బు వదల్లేదు.

సెగగడ్డల్లో చీము పట్టించే క్రిమి మీద నాటు ఆకులు పనిచేస్తాయేమో చూడడం నా పని. గాజు పళ్లెంలో క్రిమిని పెంచి, అందులో చిన్న గుంట చేసి ఆకు సారం పోస్తాం. సారంలో సత్తా ఉంటే మర్నాటికి గుంట చుట్టూ క్రిమి పెరగని తేట వలయం కనిపిస్తుంది. నేను ఏరికోరి పట్టుకున్న వావిలాకు ఒక్కసారీ వలయం ఇవ్వలేదు.

"ఈసారీ రాకపోతే అంశం మార్చేద్దామమ్మా," అన్నారు మా మేడమ్. ఇన్నాళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

కొత్త సరుకు కోసం మార్కెట్లో మూలికలమ్మే మామ్మ దగ్గరికి పరిగెత్తాను. ఉన్న ఎండు వావిలాకంతా ఊడ్చి తూచింది. నేను కదల్లేదు.

"కొసరేదీ మామ్మా?"

"మందాకుకి కొసరేంటే! వంకాయలనుకున్నావా?"

"అబ్బ, వెయ్యి మామ్మా, నీ చెయ్యి మంచిది."

గొణుక్కుంటూ గుప్పెడు ఎండాకు పడేసింది. బేరం గెలిచిన ఊపులో సంచీలోకి తొంగి కూడా చూడలేదు. మొత్తం కలిపి దంచాను.

సారం పోసిన మర్నాడు పళ్లెంలో రూపాయి బిళ్లంత వలయం! నేను గెంతుతుంటే మేడమ్ కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఇన్నాళ్లూ రానిది ఇవాళెలా వచ్చింది? ఏం కలిపావు?"

"ఏం లేదు మేడమ్... కొసరు."

"సైన్సులో కొసరేంటమ్మా!"

మళ్లీ మామ్మ దగ్గరికి పరుగు.

"వావిలి అయిపోయింది కదా, పక్క సంచీలో కుప్పింటాకు వేశా. నన్ను పీక్కుతింటివిగా మరి!"

మామ్మ దగ్గర కుప్పింట, వేరే కొట్లో వావిలి తెచ్చి విడివిడిగా పరీక్షించాం. వావిలి ఎప్పటిలాగే మొహం చాటేసింది. కుప్పింట చుట్టూ మాత్రం నిండైన వలయం.

"ఇది మందయిపోయిందని ఊరంతా చెప్పకు, ఇంకా చాలా పనుంది. అంశం మాత్రం మార్చక్కర్లేదు, ఆకు మారుద్దాం," అని నవ్వేశారు మేడమ్.

మర్నాడు మామ్మ చెప్పిన ధరకే కుప్పింటాకు తీసుకున్నాను. ఆవిడ కంగారుగా నా నుదుటి మీద చెయ్యేసింది.

"జొరమేమైనా తగిలిందా అమ్మాయ్?"

"లేదు మామ్మా. కొసరు మాత్రం వేరే పొట్లం కట్టు. అదేం ఆకో కూడా చెప్పు."