మంట చప్పుడు

నరసరావుపేటలోని ఒక డిగ్రీ కాలేజీలో ముర్తుజా మైక్రోబయాలజీ ల్యాబు అటెండరు. వయసు యాభై ఏడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి తాళం తీస్తాడు, బల్లలన్నీ స్పిరిటుతో తుడుస్తాడు, ఆ తర్వాత ఫ్యాన్లు ఆపేస్తాడు. ఏప్రిల్ నెలలోనైనా అంతే. గాలి కదిలితే దుమ్ము లేస్తుంది, దుమ్ముతో పాటు పనికిరాని క్రిములు వచ్చి పాఠానికి క్రిములు పెంచే గాజు ప్లేట్లలో పడతాయి.

“బాబాయ్, ఆ మూల ఒక్క ఫ్యానన్నా వెయ్యి” అని పిల్లలు బతిమాలతారు.

“ఫ్యాను కావాల్సినోళ్లు లైబ్రరీకి పోండి. అక్కడ పుస్తకాలకి చెమట పట్టదు” అంటాడు.

ఫ్యాన్లు ఆగాక అలమారాలోంచి బర్నర్లు తీసి బల్లకొకటి పెడతాడు. ఆ ల్యాబుకు గ్యాసు పైపు లేదు. అందుకని చిన్న బ్యూటేన్ బర్నర్లు కొన్నారు. కింద చేతిలో ఇమిడే గ్యాసు డబ్బా, పైన బొటనవేలంత గొట్టం, పక్కన తిప్పే బిళ్ల. నొక్కితే టక్కుమని నీలం మంట లేస్తుంది. క్రిములను ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు మార్చే తీగను ఆ మంటలో ఎర్రగా కాల్చి శుభ్రం చేస్తారు. గాలిలో క్రిములు దరిచేరకుండా పనంతా ఆ మంటకు జానెడు దూరంలోనే జరగాలి.

రెండేళ్ల కిందట ఆగస్టులో భవిత ఆ ల్యాబుకు మొదటిసారి వచ్చింది. బొల్లాపల్లి దగ్గర పల్లె వాళ్లది. మిరప వేసే కుటుంబం. ఎండాకాలంలోనూ మణికట్టు దాకా చేతులుండే చొక్కా వేసుకునే పిల్ల. ఆ రోజు పక్క బల్ల మీద ఒక కుర్రాడు వెలుగుతున్న బర్నరును చేత్తో ఎత్తి పక్కకు వంచాడు. వంచితే లోపలి గ్యాసు ద్రవంగానే బయటికి చిమ్ముతుంది. మూరెడు పసుపు మంట భగ్గున లేచింది. ముర్తుజా రెండంగల్లో వచ్చి బిళ్ల తిప్పి ఆర్పేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ భవిత చేతిలో ప్లేటు కింద పడి పగిలింది. ఆమె గుమ్మం దాటి మెట్ల మీదికి పరుగెత్తింది.

ముర్తుజా కుర్రాణ్ణి ఏమీ అనలేదు. పగిలిన గాజు ఏరి, చేతులు కడుక్కుని బయటికి వెళ్లాడు. భవిత మెట్ల మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

“కాలిందా అమ్మా?”

“ఇప్పుడు కాదు బాబాయ్. చిన్నప్పుడు.”

భవితకు ఏడేళ్లప్పుడు వాళ్లమ్మ వంట చేస్తుంటే పొయ్యి దగ్గర గ్యాసు ట్యూబు లీకై, మంట గౌను చేతికి అంటుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. అప్పటి నుంచి పొయ్యి వెలిగి ఉంటే ఆమె వంటింట్లోకి పోదు. పోతానన్నా అమ్మ పోనివ్వదు. బయాలజీ అంటే ఇష్టమని ఈ గ్రూపులో చేరింది కానీ, ఇక్కడా మంట ఉంటుందని తెలియదు.

“గ్రూపు మార్చమని సుకన్య మేడమ్‌ని అడుగుతా” అంది.

ఆ సాయంత్రం ముర్తుజానే లెక్చరర్ సుకన్య దగ్గరికి వెళ్లాడు. “మేడమ్, ఆ పిల్ల అడిగితే మార్చమాకండి. క్లాసులయినాక రోజూ ఒక అరగంట నాకాడికి పంపండి. తర్వాత చూద్దాం” అన్నాడు. సుకన్యకు ఆశ్చర్యమే అయినా, ఇరవై ఏళ్లలో అతను ఏదీ అడిగిన మనిషి కాదని ఒప్పుకుంది.

మొదటి సాయంత్రం ముర్తుజా ఆమెను గుమ్మం దగ్గర, బర్నరుకు వీపు పెట్టి కూర్చోబెట్టాడు. ల్యాబు ఆ చివర బర్నరు వెలిగించాడు.

“చూడమాక. ఊరికే విను. ఏం వినపడతంది?”

“బుస్సుమంటంది.”

“ఇప్పుడు?”

“తగ్గింది.”

“అంతే. తిప్పితే పెరుగుద్ది, తిప్పితే తగ్గుద్ది. ఆర్పేశా. ఇంక ఇంటికి పో.”

ఇలా వారం రోజులు గడిచాయి. రెండో వారం కుర్చీ రెండు బల్లలు ముందుకు జరిగింది. మంట పెద్దదో చిన్నదో, డబ్బాలో గ్యాసు నిండుగా ఉందో అయిపోవస్తోందో ఆమె వెనక్కి చూడకుండా చెప్పసాగింది. ఒకరోజు అడిగింది.

“బాబాయ్, ఇట్టా వినాలని నీకెవరు చెప్పారు?”

ముర్తుజా గుడ్డతో బల్ల తుడుస్తూనే చెప్పాడు. కాలేజీకి రాకముందు మాచర్లలో అతనికీ తమ్ముడికీ గ్యాసు వెల్డింగు షాపు ఉండేది. ట్రాక్టరు ట్రక్కులు అతికేవాళ్లు. ఒక పొద్దున అతను టీ తాగడానికి రోడ్డు దాటి వెళ్లాడు. గ్లాసు చేతికి వచ్చేలోపు షాపులో గొట్టం పగిలి మంట లేచింది. తమ్ముడు మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు.

“ఆ తర్వాత ఏడాది అగ్గిపుల్ల గీయలా నేను. మా ఇంటామె షాహిదా పొయ్యి ముట్టిచ్చేటప్పుడు నేను వీధిలోకి పోయేవాణ్ణి. వీధిలో ఇంకో వెల్డింగు షాపాయన ఉండేవాడు. నన్ను రమ్మని పిలవలా, పొమ్మనలా. బయట ఒక స్టూలు ఏసి పెట్టేవాడు. అటు తిరిగి కూచుని ఆయన గ్యాసు చప్పుడు వినేవాణ్ణి. పొయ్యింది తమ్ముడు గానీ ఆ చప్పుడు నాకు ముందునుంచీ అలవాటైందే గదా అనిపిచ్చింది ఒకనాడు. లేచి అటు తిరిగా.”

“భయం పోయిందా?”

“చానావరకు పోయింది. కొంచెం ఉంది. ఆ కొంచెం ఉండబట్టే ఇక్కడ ఎవరికీ ఏం కాకుండా చూసుకుంటన్నా.”

మరుసటి రోజు భవిత తనంతట తానే కుర్చీ తిప్పుకుంది. ముర్తుజా అది చూసీ చూడనట్టు సీసాలు కడిగాడు. దసరా సెలవుల తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది. బర్నరు వెలిగించడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. మొదటిసారి టక్కుమనగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. రెండోసారి కూడా. మూడోసారి మంట నిలబడింది, ఆమె చెయ్యి బిళ్ల మీదే ఉండిపోయింది. కళ్ల నీళ్లు కారుతున్నాయి. ఆమె తిప్పి ఆర్పేదాకా ముర్తుజా పక్కన నిలబడ్డాడు.

డిసెంబరులో తమ పొలం మట్టి కొంచెం కాగితంలో కట్టి తెచ్చింది. తీగ కాల్చి, చల్లార్చి, ఆ మట్టి కలిపిన నీటి నుంచి ప్లేటు మీద గీతలు గీసింది. మూడు రోజులకు గీతల చివర విడివిడిగా క్రిముల చుక్కలు మొలిచాయి. తెల్లవి, ఒకటి రెండు పసుపువి. వేరే చెత్త ఏదీ పడలేదు. సుకన్య ప్లేటును వెలుతురుకెత్తి చూసి, “ఈ బ్యాచిలో ఇంత శుభ్రమైంది ఇదే” అంది.

భవిత ఆ ప్లేటు ఫోటో తీసి ఇంటికి పంపింది. ఐదు నిమిషాల్లో వాళ్లమ్మ ఫోను. పొలంలో ఉన్నట్టుంది, వెనక ఎవరో కేకలేస్తున్నారు.

“ఏందే ఈ చుక్కలు?”

“మన పొలం మట్టిలో క్రిములే అమ్మా. నేను పెంచా. బర్నరు కాడ కూచుని.”

అటువైపు కేకలు దూరమయ్యాయి. కాసేపటికి “పక్కన పెద్దోళ్లు ఎవరన్నా ఉంటే ఇయ్యి” అని వినిపించింది. భవిత ఫోను ముర్తుజాకు ఇచ్చింది.

“అయ్యా, మా పిల్ల నిజంగా మంట దగ్గర కూచుందా?”

“కూచుందమ్మా. తనే ముట్టిచ్చింది, తనే ఆర్పింది.”

“ఆనాడు ట్యూబు మార్చమని వాళ్ల నాన్న చెప్తానే ఉన్నాడు. రేపు మార్చొచ్చులే అన్నా నేను. పన్నెండేళ్లయింది. దాని చెయ్యి చూసినప్పుడల్లా…”

ముర్తుజా ఫోను చెవి నుంచి తీయకుండా కిటికీ దగ్గరికి నడిచాడు. “నేను టీ తాగడానికి పోయానమ్మా ఒకనాడు. మీ అమ్మాయిని అడుగు, చెబుద్ది” అన్నాడు మెల్లగా. “ఆ చెయ్యి ఇప్పుడు బాగా పని చేస్తంది. వణకటంలా.”

ఆమె చాలాసేపు ఏడ్చింది. అతను ఫోను పెట్టేయలేదు. చివరికి ఆమె ముక్కు చీది, “అన్నం తిన్నారా అయ్యా?” అని అడిగింది.

“ఇంకా లేదమ్మా. తింటా.”

“మా పిల్లని కూడా తినమని చెప్పండి.”

ఫోను భవితకు ఇచ్చేసి ముర్తుజా ఫ్యాన్లు వేశాడు. రెండింటి బ్యాచి రావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. ఇద్దరూ వరండాలో చేతులు కడుక్కుని క్యారియర్లు విప్పారు.