రెండిండ్ల ముచ్చట్లు

ఇతరుల కష్టాలను టైప్ చేసి పెట్టడం నా పని. కామారెడ్డిలో కోర్టుకు దగ్గర్లో ఉన్న ఒక జిరాక్స్ సెంటర్లో కొన్నేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. భూమి తగాదాలు, పింఛను దరఖాస్తులు, పేరు తప్పుపడ్డ సర్టిఫికెట్లు, విడాకుల పిటిషన్లు, అన్నీ నా వేళ్ల మీదుగానే పోతాయి. చెప్పేవాళ్లు ఏడుస్తూ చెబుతుంటే నేను స్క్రీన్ వైపే చూస్తూ టైప్ చేస్తాను. వాళ్ల ముఖం చూస్తే అక్షరాలు తప్పుతాయి.

ఒక వానాకాలం మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు, నా పిటిషన్ నేనే టైప్ చేసుకున్నాను. నా కూతుర్ని వాళ్ల నాన్న దగ్గరికి పంపడం ఆపించమని అందులో కోరాను. పాపకు అప్పుడు ఏడేళ్లు.

పాప వాళ్ల నాన్నది ఎల్లారెడ్డి. ట్రాక్టర్ ట్రాలీలు, ఇనుప గేట్లు చేసే వెల్డింగ్ షెడ్డు ఉంది ఆయనకు. పాప పుట్టిన ఏడాదే మస్కట్ పోయాడు. నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి ఇద్దరం ఒకరికొకరం కొత్తవాళ్లమైపోయాం. ఆయనకు కోపం వస్తే చేతిలో ఏదుంటే అది గోడకేసి కొట్టేవాడు. నాకు కోపం వస్తే వారం రోజులు నోరు విప్పేదాన్ని కాదు. ఒకరోజు ఆయన విసిరిన కంచం పాప చెవి పక్కనుంచి పోయి తలుపుకు తగిలింది. మర్నాడు పొద్దున్నే పాపను తీసుకొని కామారెడ్డిలో మా అమ్మ వాళ్లింటికి వచ్చేశాను. మళ్లీ పోలేదు.

కేసు నడుస్తుండగానే, నెలలో రెండు శనివారాలు పాపను తండ్రికి చూపించాలని కోర్టు చెప్పింది. మొదట్లో బస్టాండులో కలిసేవాళ్లం. ఆయన వెంట వాళ్ల అన్న వచ్చేవాడు, నా వెంట మా తమ్ముడు. పావుగంట ఆలస్యం ఎందుకైందన్న దగ్గర మొదలై మాటలు పెళ్లినాటి దాకా పోయేవి. జనం మూగేవారు. పాప రెండు చెవులూ మూసుకొని బస్సుల బోర్డులు చదువుతూ నిలబడేది. బీబీపేట, మాచారెడ్డి, దోమకొండ అని పైకే చదివేది. చదవడం అయిపోతే మళ్లీ మొదటి నుంచి.

నాలుగైదు సార్లు అలా అయ్యాక మా లాయరు విసిగిపోయి, విడిపోయిన తల్లిదండ్రులకూ వాళ్ల పిల్లలకూ సాయం చేసే కేంద్రం ఒకటి ఊళ్లోనే ఉందని, ఇకమీద అక్కడే కలవండని ఇద్దరినీ ఒప్పించాడు.

కేంద్రమంటే ఏదో పెద్ద ఆఫీసు అనుకున్నాను. ఒక పాత ఇంట్లో మూడు గదులు, అంతే. ముందు గదిలో కౌన్సెలింగ్ చేసే మేడం కూర్చునేది. యాభై దాటిన మనిషి. రోజూ దోమకొండ నుంచి బస్సులో వచ్చేది. గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. మధ్య గది పిల్లలది. అక్కడ పిల్లలను చూసుకునే ఆమెను అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవారు. పదిమందికి పైగా మనవలు, మనవరాళ్లు ఉన్న మనిషి. కింద చాప మీద కాళ్లు చాపుకొని కూర్చుంటే పిల్లలు వచ్చి ఆమె మీద వాలిపోయేవారు.

మొదటిరోజు మా ఇద్దరినీ కూర్చోబెట్టి మేడం చెప్పింది ఒకటే.

"మీ తగాదా ఇక్కడ తెగదు. అది కోర్టు చూసుకుంటది. ఇక్కడికి పిల్ల మంచిగ రావాలె, మంచిగ పోవాలె. గంతే."

తండ్రి అరగంట ముందే వచ్చి లోపలి గదిలో కూర్చోవాలి. నేను పాపను ముందు గదిలో దింపి వెళ్లిపోవాలి. ఇద్దరం ఎదురుపడే పని లేదు. ఆరు నెలలు అలా తండ్రీకూతుళ్లు రెండేసి గంటలు కేంద్రంలోనే కలిశారు. ఆ తర్వాత శనివారం పొద్దున తీసుకెళ్లి ఆదివారం సాయంత్రం తెచ్చి దింపడానికి కోర్టు అనుమతిచ్చింది. అప్పుడే మేడం ఒక పొడవాటి నోట్‌బుక్కు పాప సంచిలో పెట్టింది. పాప ఏం తిన్నదో, మందులేమైనా వేశామో, హోంవర్కు ఎంత మిగిలిందో ఇటునుంచి నేను రాయాలి, అటునుంచి ఆయన రాయాలి. తిట్లూ పాత మాటలూ రాయకూడదు.

ఆయన రాత నాకు తెలుసు. పదో తరగతి తర్వాత పెన్ను పట్టిన మనిషి కాదు. అక్షరాలు గేటు చువ్వల్లా నిటారుగా ఉండేవి. "అన్నం తిన్నది. పప్పు. గుడ్లు రెండు." అంతే ఉండేది.

మొదటిసారి ఎల్లారెడ్డి నుంచి రాగానే నేను పాపను అడిగాను, ఏం తిన్నావని.

"అన్నం పెట్టలే," అంది పాప నేలచూపులు చూస్తూ. "డాడీ షెడ్డుకు పోయిండు. నానమ్మ టీవీ చూసింది."

నోట్‌బుక్కులో రెండు గుడ్లున్నాయి. పాప నోట్లో ఒక్క మెతుకు లేదు. నేను ఎవర్ని నమ్ముతాను? ఒళ్లోకి తీసుకొని, అప్పటికప్పుడు పూరీలు చేసి పెట్టాను. పాప రెండే తిని చాలంది. ఆకలితో ఉన్న పిల్ల రెండు పూరీలకే చాలంటుందా అన్న అనుమానం నాకు రాలేదు. రావద్దనుకున్నానేమో.

రెండోసారీ అదే. మూడోసారి నోట్‌బుక్కులో ఎప్పుడూ లేనిది రెండు వరుసలు ఎక్కువ రాశాడు. "పోచారం అలుగు పారుతుంటే చూపించిన. నీళ్ల కాడికి పోనియ్యలే." పోచారం ప్రాజెక్టు నిండి పొర్లుతుంటే చూశావా అని పాపను అడిగితే తల అడ్డంగా ఊపింది. "యాడికి పోలే. ఇంట్లనే ఉన్నం." గౌను అంచుకు మట్టి ఉంది. అదేమిటంటే బయట పడ్డానంది. తండ్రి అబద్ధాలు రాస్తున్నాడని, పిల్లను ఆకలితో ఉంచి, కిందపడ్డా పట్టించుకోవడం లేదని నేను తేల్చేసుకున్నాను. పిటిషన్ టైప్ చేసింది ఆ మర్నాడే. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

లాయరుకు ఇచ్చే ముందు మేడానికి చూపించాలనిపించి కేంద్రానికి వెళ్లాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని రెండు పేజీలూ చదివింది. చదివి పక్కన పెట్టింది.

"ఆయన గూడ ఒకటి రాసుకొచ్చిండమ్మా, పోయిన వారం," అంది. "నీకు చెప్తనంటె సరే అన్నడు, అందుకే చెప్తున్న. నువ్వు పిల్లను ఇంట్ల ఒక్కదాన్నే పెట్టి, తాళమేసి పనికి పోతున్నవంట. డాడీ పేరెత్తితే కొడుతున్నవంట."

మా ఇంటికి పగలు తాళం పడిన రోజే లేదు. మా అమ్మ గడప దాటదు. పాపను నేను ఏనాడూ కొట్టలేదు.

"ఎవరు చెప్పిండ్రట?" అన్నాను.

"ఎవరు చెప్తరు? నీకు ఎవరు చెప్పిండ్రో ఆయనకు గూడ గామెనే చెప్పింది."

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది గాని, నమ్మబుద్ధి కాలేదు. మేడం లోపలికి చూసి ఖాలాను పిలిచింది. ఖాలా వచ్చి గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

"బేటీ, నువ్వు గుస్సా కావద్దు," అంది నాతో. "మొన్న శనివారం పొద్దుగాల నీ బిడ్డ నా పక్కన కూసొని ఏమడిగిందో చెప్పనా? 'ఖాలా, అమ్మకు చెప్పే ముచ్చట్లు వేరే ఉన్నయి, డాడీకి చెప్పే ముచ్చట్లు వేరే ఉన్నయి. నీకు ఏవి చెప్పాలె?' అన్నది. నేను రెండూ చెప్పమన్న. అప్పుడు చెప్పింది. ఎల్లారెడ్డిల మంచిగుందంటె అమ్మ మాట్లాడదంట. అమ్మ కాడ మంచిగుందంటె డాడీకి కండ్లల్ల నీళ్లొస్తయంట. అందుకని ఎవరికి కావాల్సింది వాండ్లకు చెప్తున్నదంట. ఏడేండ్ల పిల్ల, తౌబా!"

నాకు ఒక రోజు గుర్తొచ్చింది. కేంద్రంలో కలిసిన మొదటి రోజుల్లో ఒకసారి పాప ఇంటికి నవ్వుకుంటూ వచ్చింది. డాడీ ఏనుగు లెక్క నడిచి చూపించాడని చెప్పి చెప్పి నవ్వింది. నేను ఏమీ అనలేదు. వంటింట్లోకి పోయి చాలాసేపు గిన్నెలు తోమాను. పాప వచ్చి కొంగు పట్టుకొని లాగినా వెనక్కి తిరగలేదు. అంతే, అంతకంటే ఏమీ చేయలేదు. ఆ రోజంతా నేను మాట్లాడకపోవడం ఆ పిల్లకు ఎలా అనిపించి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన విసిరిన కంచానికైతే చప్పుడుండేది.

"ఇప్పుడేం చెయ్యాలె మేడం?" అన్నాను.

"పిల్లను గదమాయించొద్దు. అబద్ధమెందుకు చెప్పినవని అడగొద్దు. వచ్చే శనివారం ముగ్గురూ కూసోండ్రి. మీరిద్దరూ పిల్ల ముంగట మాట్లాడాలె. నేను ఉంట."

ఆ శనివారం, కేంద్రంలో మొదటిరోజు తర్వాత మళ్లీ అప్పుడే ఆయన ఎదురుగా కూర్చున్నాను. మోచేతుల మీద వెల్డింగ్ రవ్వల మచ్చలు ఎక్కువయ్యాయి. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. పాప మా ఇద్దరి మధ్య ఖాలా ఒళ్లో కూర్చొని, ఒకసారి నా ముఖం, ఒకసారి ఆయన ముఖం చూస్తోంది. బస్టాండు గుర్తొచ్చిందేమో, చేతులు చెవుల దాకా వచ్చి ఆగాయి.

ముందు ఆయనే మొదలుపెట్టాడు.

"బిడ్డా, నువ్వు అమ్మ కాడ మంచిగుంటె నాకు ఖుషీనే. నిజంగ. నేను ఏడ్సుడు నువ్వు యాదికొస్తవని. నీ తప్పుగాదు."

అందరూ నా వైపు చూశారు. ముందురోజు నుంచి మనసులో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పోయాయి. చివరికి అడిగాను.

"పోచారం అలుగు పారుతున్నదంట గదా. ఎట్లుండె బిడ్డా? నేను చూడక చాన రోజులైంది."

పాప నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "చెప్తె మాట్లాడుతవా?" అంది.

"మాట్లాడుత."

"రేపు గూడ?"

"రేపు గూడ మాట్లాడుత."

ఇంకా నమ్మకం కుదరలేదు. ఖాలా వైపు తిరిగింది. ఖాలా తల ఊపింది. అప్పుడు మెల్లగా మొదలుపెట్టింది. నీళ్లు తెల్లగా ఉన్నాయంది. గోడ మీది నుంచి దుంకుతున్నాయంది. చప్పుడుకు డాడీ ఏమన్నదీ వినబడలేదంది. తుంపర వచ్చి మొఖమంతా తడిసిందంది. చెబుతూ చెబుతూ ఖాలా ఒళ్లోంచి లేచి నిలబడింది. "డాడీ నన్ను భుజాల మీద కూసోబెట్టుకున్నడు. మక్క కంకి కొనిచ్చిండు. నేను రెండు తిన్న. నానమ్మది గూడ సగం తిన్న! వచ్చేటప్పుడు బురదల జారిన, డాడీ గూడ జారిండు, ఇద్దరం నవ్వినం."

చెప్పి ఠక్కున ఆగి మళ్లీ నా ముఖం చూసింది. నేను నవ్వాను. బలవంతంగా నవ్వాలేమో అని భయపడ్డాను గాని, ఆ భారీ మనిషి బురదలో జారడం తలచుకుంటే నవ్వు దానంతటదే వచ్చింది. ఆయన తల వంచుకొని అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఇవి మంచి నీళ్లు బిడ్డా, ఏడ్సుడు గాదు," అన్నాడు. ఆ మాటకు మేడం కూడా నవ్వేసింది. పాప అమాంతం వచ్చి నా మీద పడి, ఎందుకో తెలియకుండానే వెక్కి వెక్కి ఏడ్చింది. ఎత్తలేని బరువు ఎక్కడో దింపి వచ్చిన పిల్లలా నా భుజం మీదే నిద్రపోయింది. పట్టపగలు, పదకొండు గంటలకు. ఆ రోజు ఎల్లారెడ్డి ప్రయాణం రెండు గంటలు ఆలస్యమైంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

అంతటితో అంతా చక్కబడిపోలేదు. తర్వాత కూడా రెండు మూడుసార్లు పాప "అన్నం పెట్టలే" అంది. "నిజమేనా, అమ్మ కోసం చెప్తున్నవా?" అని నేను నవ్వుతూ అడిగితే, "నీ కోసమే" అనేసేది. నాకు కోపం వచ్చినప్పుడు, "అమ్మకు కోపమొచ్చింది, నీ మీద గాదు, కొంచెంసేపు ఆగు" అని పైకి చెప్పడం నేర్చుకున్నాను. మేడం దగ్గర నేర్చుకున్నవాటిలో కష్టమైనది అదే. ఆయన కూడా కొన్ని నెలలు వారం వారం వచ్చి మేడంతో మాట్లాడి వెళ్లాడని ఖాలా చెప్పింది. మేమిద్దరం మళ్లీ కలవలేదు. విడాకులు వచ్చాయి. ఆ కాగితం తీసుకున్నరోజు నేననుకున్నంత బాధ కలగలేదు. మేం విడిపోయినా పాపను ముక్కలు చేయలేదన్న నిబ్బరం ఉంది.

ఈ మధ్య ఒక ఆదివారం ఆయనకు జ్వరమొచ్చి పాపను తెచ్చి దింపలేనని ఫోన్ చేశాడు. నేనే వస్తానన్నాను. తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లే బస్సెక్కాను. దారి పొడవునా వరి కోతలు. ఆ ఇంటికి మళ్లీ పోవాలంటే గుండె దడదడలాడుతుందనుకున్నాను. దడ లేదు. ఇంటి ముందు అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసి, "కూసో బిడ్డా, ఎండల వచ్చినవ్," అని నీళ్లిచ్చింది. లోపల్నుంచి ఆయన దగ్గు వినిపించింది.

పక్క సందులో పిల్లలు ఆడుతున్నారు. మా పాప దుమ్ము కొట్టుకుపోయి, చెమటతో, జడ ఊడిపోయి ఉంది. నన్ను చూసి పరుగెత్తుకొస్తుందనుకున్నాను. నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"అప్పుడే ఎందుకొచ్చినవమ్మా? ఆట అయిపోలే!" అంది, సందంతా వినబడేలా.

అత్తమ్మ కంగారుపడి నా ముఖం చూసింది. నాకు మాత్రం ఒళ్లు తేలికైంది. నన్ను చూసి భయపడకుండా నా మీద కోపం చేసింది నా కూతురు.

"ఆడుకో పో," అన్నాను.

పాప వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది. నేను కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాను. రోడ్డు మీద కామారెడ్డి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఇంకోటి వస్తుందిలే అనుకున్నాను.