సద్దు డోలుది, దెబ్బ నీది

నా చిన్నప్పుడు మా తాతయ్యకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు రెండే. "ఇనపడిందా తాతా?" అని నేనడిగాను. "చేతికి ఇనపడింది పాపా" అన్నాడు ఆయన. మళ్లీ నోరు విప్పలేదు. ఆ రెండు మాటలూ అర్థం కావాలంటే ముందు నేను దెబ్బలు తిన్న రోజు సంగతి చెప్పాలి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా కొడుకు కూతురు రాస్తోంది. నా గొంతు రంపం కోసినట్టుందని నవ్వుతోంది కూడా. అదీ రాసుకో తల్లీ.

మాది పావగడ దగ్గర, తిరుమణి పక్క పల్లె. ఇప్పుడు సోలార్ ప్లేట్లు నీళ్లలాగా మెరుస్తున్న నేలంతా అప్పట్లో మా గొర్రెలు మేసిన బీడు. మా తాతయ్య మా దేవుడి డోలు కొట్టేవాడు. జాతరలో దేవుణ్ణి నెత్తిన పెట్టుకుని నాగలమడిక ఏటి ఇసుక దాటిస్తారు. దాటినంత సేపూ కొట్టే వరస ఒకటుంది. ఏరు దాటే వరస అంటాం. అది మా ఇంటి మగవాళ్లకు తప్ప ఎవరికీ రాదు. కొట్టీ కొట్టీ ఆయన చెవులు మందగించాయి. ఆ వరస విన్నప్పుడల్లా నాకు ఇసుక మీద నడుస్తున్నట్టు, అరికాళ్ల కింద చల్లగా ఏదో జారుతున్నట్టు ఉండేది.

ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి నాకు. మగవాళ్లంతా గొర్రెల బొచ్చు కత్తిరించే పనిలో ఉన్న పూట, ధాన్యం గాదె ఎక్కి, దూలానికి వేలాడుతున్న డోలును అరచేత్తో ఒక్కసారి తట్టాను. ఒక్కసారే. ఇల్లంతా కడుపులోంచి ఉరిమినట్టు ఉరిమింది. ఆ ఉరుము ఇంకా ఆగకముందే మా నాయన వచ్చి నా వీపు విమానం మోత మోగించాడు. "ఆడపిల్ల ముట్టిన డోలు రేపు దేవుని ముందర ఎట్ల పలుకుతాదే?" అని మా పెదనాయన కేకలేశాడు. డోలును దించి, పసుపునీళ్లు చల్లి, కొత్తగా బొట్టు పెట్టి మళ్లీ కట్టారు. వీపు నొప్పి సాయంత్రానికే పోయింది. ఆ పసుపునీళ్లు మాత్రం నాలో చాన్నాళ్లు ఆరలేదు. నా చెయ్యి తగిలితే కడుక్కోవాల్సి వచ్చిందే అని, ఆ చేతిని పావడాలో దాచుకుని తిరిగాను.

మరునాడు తాతయ్య నన్ను గొర్రెల వెంట తీసుకుపోయాడు. బీడు మధ్యలో పడుకున్న ఎద్దులాంటి బండ ఒకటుండేది. దాని మీద తన కంబళిని నాలుగు మడతలు వేసి పరిచాడు. నా కుడిచేతికి డోలు పుల్ల ఇచ్చాడు. "కొట్టు" అన్నాడు.

కొట్టాను. మెత్తగా 'దుప్' అంది. అది సద్దు కూడా కాదు, కంబళి ఊపిరి వదిలినట్టు ఉంది.

"సద్దు రాలేదే తాతా!"

"యాడనుంచి వస్తాది? సద్దు డోలుది. దెబ్బ నీది" అన్నాడు. "డోలు ముట్టొద్దు అన్న్యారు మీ నాయనోళ్లు. దెబ్బను ముట్టొద్దు అన్న్యారా?"

నేను ఆలోచించి, "అనలేదు" అన్నాను.

"ఇంకేంది మరి? డోలు ముట్టనని నాకు మాటియ్యి. దెబ్బ నేను నేర్పిస్తా."

మాట ఇచ్చాను. ఆ రోజు నుంచి గొర్రెలు ఎటు పోతే అటు మా బడి. కుడి పక్క పుల్లతో, ఎడమ పక్క అరచేత్తో కొట్టేదాన్ని. ఆయన బండ మీద చెయ్యి పరిచి, కళ్లు మూసుకుని ఉండేవాడు. తప్పు పోతే బండే ఆయనకు చెప్పేది. గొర్రెల కాపరి అవ్వ ఒకామె మమ్మల్ని చూసి, "ఏమప్పా, మనవరాలితో కంబళి దులిపిస్తా ఉండావా?" అని అడిగింది. "ఔనక్కా, దుమ్ము పట్టినాది" అన్నాడు తాతయ్య, మొహంలో నవ్వు కనపడనీకుండా.

ఆ వరసలో ఒకచోట చెయ్యి లేస్తుంది కానీ పడదు. నాకు అక్కడ చెయ్యి ఆగేది కాదు, ఎప్పుడూ పడిపోయేది. ఆయన విసుక్కోలేదు. "ఆడ కొట్టేది నువ్వు కాదు పాపా. ఆడ దేవుడు అడుగేస్తాడు. ఆయప్పకు చోటియ్యి" అన్నాడు. ఆ చోటు ఇవ్వడం నేర్చుకునేసరికి రెండు వానాకాలాలు వచ్చి వెళ్లాయి.

తరువాత ఆయన మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను చూసి, మంచం పట్టె మీద చెయ్యి పరిచాడు. నాకు అర్థమైంది. కప్పుకున్న కంబళి అంచు మీద వేళ్లతో వరస మొత్తం కొట్టాను. ఆ చోటు దగ్గర చెయ్యి ఎత్తి, దించకుండా ఆగాను. అప్పుడే నేనడిగాను, ఇనపడిందా అని.

తాతయ్యకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. డోలు ముట్టలేదు. సంగటి గెలికేటప్పుడు తెడ్డుతో, బట్టలు ఉతికేటప్పుడు తడి గుడ్డల మీద కొట్టుకునేదాన్ని. మా ఆయన ఉన్నప్పుడు, "ఏందే, సంగటికి తాళమేస్తా ఉండావు?" అని నవ్వేవాడు. ఆయన పోయేవరకూ అది ఏ తాళమో చెప్పలేదు. మా పుట్టింటి మగవాళ్లలో వరస తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు జాతరకు పావగడ నుంచి బ్యాండువాళ్లు వస్తారు. డోలు తోలు చినిగి అటక మీద ఉంది. ఆ బండ ప్లేట్ల కంచె లోపల ఉండిపోయింది. వరస ఒక్క నా చేతుల్లోనే మిగిలింది. నాతోనే కాటికి వస్తుందని అనుకున్నాను.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు, ఇది రాస్తున్న ఈ మనవరాలే కరెంటు డ్రమ్ములు తెచ్చింది. కాలేజీ పాటల గుంపులో వాయిస్తుందట. ఇనప కడ్డీల మీద గుండ్రటి రబ్బరు బిళ్లలు. తోలు లేదు, బొట్టు లేదు. దాని పెట్టె వెనక నుంచి ఒక తీగ తీసి ల్యాప్‌టాప్‌కు తగిలించింది. "కొట్టి చూడవ్వా" అంది ఆటగా. నేను రబ్బరును వేలితో నొక్కి చూశాను. తాతయ్య కంబళి మడతే అది.

"ఇది డోలు కాదు కదా?" అని అడిగాను.

"కాదవ్వా, ప్యాడు."

అయితే మాట తప్పినట్టు కాదు. కుడి బిళ్ల మీద పుల్లతో, ఎడమ బిళ్ల మీద అరచేత్తో ఏరు దాటే వరస మొదటి నుంచి చివరి దాకా కొట్టాను. గదిలో రబ్బరు చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీ బయట ప్లేట్ల మీద ఎండ, దూరంగా ఏరు నిండి పారుతున్నట్టే ఉంది. నేను ఎక్కడున్నానో మరిచిపోయాను.

రికార్డు పెట్టి వింటే ఏమీ లేదు! పిల్ల మొహం వాడిపోయింది. తీగ పీకి పెట్టింది, హెడ్‌ఫోన్లు మార్చింది. మళ్లీ కొట్టించింది. మళ్లీ అంతే. తెర మీద మాత్రం సాళ్లలో విత్తనాలు పడినట్టు చిన్న చిన్న గీతలు. ఇది కూడా వరసను పట్టుకోలేదే అనుకున్నాను. ఆమె చాలాసేపు ఆ గీతల్నే చూసి, నెత్తి కొట్టుకుంది.

"అయ్యో అవ్వా! ఈ తీగలో సద్దు పోదు. దెబ్బ మాత్రమే పోతాది. ఏ ప్యాడు మీద, ఎంత గట్టిగా, ఎప్పుడు కొట్టినావో అంతే. సద్దు మనమే కంప్యూటర్‌లో పెట్టుకోవల్ల. నేను పెట్టేది మరిచిపోయినా."

నాకు నవ్వు వచ్చింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. "దీనికెందుకు అంత నవ్వు?" అంది. అప్పుడు చెప్పాను, ఎవరికీ చెప్పని కంబళి సంగతి. విన్నాక ఆమె ఒక్కొక్క సద్దూ పెట్టి వినిపించింది. ఒకటి గిన్నెలు దొర్లినట్టు, ఇంకొకటి రేకుల మీద వాన పడినట్టు. అవే దెబ్బలు. మూడోది కడుపులోంచి ఉరిమింది. దూలానికి వేలాడిన డోలు! నా చేతి వరస గట్టిగా పలకడం నేను వినడం అదే. ఇన్నేళ్లలో మొదటిసారి. ఎవరూ పసుపునీళ్లు తేలేదు.

గీతల మధ్య ఒకచోట ఖాళీ కనిపించింది ఆమెకు. "ఈడ ఒక దెబ్బ తప్పినావవ్వా. నేను పెట్టేస్తా, ఒక్క నొక్కు" అని వేలు ఎత్తింది. ఆ చెయ్యి పట్టుకున్నాను. "పెట్టొద్దు. ఆడ దేవుడు అడుగేస్తాడు. ఆయప్పకు చోటియ్యి" అన్నాను. గొంతు నాదే కానీ మాట తాతయ్యది. పిల్ల వేలు వెనక్కి తీసుకుంది.

నాకు ఆయన ఇచ్చినవి ఆ దెబ్బా, ఆ ఖాళీ. డోలు లేకపోయినా, బండ లేకపోయినా ఈ చేతుల్లో ఉన్నాయి. ఇప్పుడు ఆ గీతల్లోనూ ఉన్నాయి. రాయడం అయిందా తల్లీ? అయితే మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. నా చెవులు కూడా మందగించాయి కాబట్టి, నీ చెయ్యి నా చేతి మీద పెట్టి, నిదానంగా చదువు.