ఖారిజ్ అన్న మాట

నా చిన్నప్పుడు, పదేళ్లుంటాయేమో, వానలు లేక మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. నాన్న బొంబాయి దగ్గరి భివండిలో బట్టలు నేసే సాంచాల మీద పనికి వెళ్తే, అమ్మ నన్ను వెంటబెట్టుకుని తనూ వెళ్లింది. ఆరు నెలలకు నాన్నను అక్కడే వదిలి మేమిద్దరం కోరుట్ల పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చాం. వచ్చేసరికి మా పెరట్లో వెనకింటాయన గోడకు పునాది తవ్విస్తున్నాడు.

ఆ పెరడు అమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చింది. అది తనదని ఆయన అడ్డం తిరిగితే, వలస పోకముందే అమ్మ జగిత్యాల కోర్టులో కేసు వేసింది.

"నీ కేసు ఖారిజయింది. ఇగ జాగ నాదే," అన్నాడాయన.

అమ్మ ఇంట్లోకొచ్చి కూలబడింది. ఇక భివండిలోనే బతుకుదామంది.

పక్కింటి తాతయ్య కోర్టుల్లో ఉర్దూ నడిచిన కాలం నుంచి కోర్టు ముందు కూర్చుని అర్జీలు రాసినవాడు. మేం లేనప్పుడు మా వకీలు పంపిన కోర్టు కాగితం ఆయన దగ్గరే ఉంది. మమ్మల్ని పిలిచి, కాగితం ఇంకోసారి చదివి, నన్ను వాకిట్లోకి వెళ్లమన్నాడు. నేను గడప దాటగానే లోపల గడియ పెట్టాడు. ఏం తప్పు చేశానో తెలియక ఏడుపొచ్చింది. తలుపు కొట్టాను. వెంటనే తీశాడు.

"నువ్వు తప్పు చేసినవని అన్ననా? బయట నిలబెట్టిన, గంతే. ఖారిజంటే బయటికి పంపుడు."

తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "అంతా విని, నీది తప్పని కూడ ఖారిజ్ చేస్తరు బిడ్డా. నీదాంట్ల గట్ల లేదు. పిలిస్తే మీ దిక్కు నుంచి ఎవ్వలు రాలేదని రాసిండ్రు. జాగ ఎవలదో ఇంకా ఎవ్వలు చెప్పలే. ఎందుకు రాలేదో పోయి చెప్పు."

కేసు మళ్లీ తెరవమని అడిగే గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. అర్జీ ఆయనే రాశాడు. జడ్జి ముందు అమ్మ "పనికి పోయినం సారూ, పిలిచింది తెల్వది," అని మాత్రం అనగలిగింది. కేసు మళ్లీ తీసుకున్నారు, అది తేలేదాకా గోడ ఆపమన్నారు. రెండేళ్లకు తీర్పొచ్చింది. పెరట్లో బావి ఉన్న వైపు మాకు, ఓ చివర ఆయనకు. ఇద్దరి మాటా విన్నారు, అది చాలంది అమ్మ.

ఇప్పటికీ ఆసుపత్రిలోనో ఆఫీసులోనో ఎవరైనా నాకు తెలియని మాట ఒకటి చెప్పి, ఇక పొమ్మంటే, నేను లేవను. అంటే ఏమిటని అడుగుతాను. వాళ్లు విసుక్కున్నా సరే, నాకు అర్థమయ్యేదాకా అడుగుతాను.